మూలికల విషపరీక్ష: పూర్వాపర చరిత్రము

ఈ వార్షిక మహాసభా సంచికకు మన కులవృత్తులలో నొకటియైన వైద్యమును గూర్చి వ్యాసము వ్రాసి పంపవలసినదని సంచికా సంపాదకులు మమ్ము కోరియున్నారు. ధన్వంతరి సంప్రదాయమును గూర్చియు, శస్త్రచికిత్సయందు మనవారి హస్తలాఘవమును గూర్చియు, గ్రామములలో మంత్రసానులై తల్లులను బిడ్డలను గాచిన మన స్త్రీల సేవను గూర్చియు పెద్దలిదివఱకే విపులముగా వ్రాసియున్నారు. వానినే మరల వ్రాయుట చర్వితచర్వణ మగును. నాయీబ్రాహ్మణుల ఘనతను నాయీబ్రాహ్మణులకే చెప్పుటవలన ప్రయోజనమును స్వల్పము. కావున మనలో నెవ్వరును తఱచుగా నడుగని ప్రశ్న నొకదాని నిచట నెత్తుకొనుచున్నాము. మన తాతముత్తాతలు రోగి చేతిలో నుంచిన మూలిక యా రోగిని చంపదని వారెట్లెఱింగిరి? వారెఱిగిన దెంత? ఎఱుగజాలని దెంత?

ఈ ప్రశ్న నిపుడేల యెత్తవలెనన, మన సభలలో రెండు వాదములు వినబడుచున్నవి. "మూలిక కదా, ప్రకృతి యిచ్చినది, గుణము చేయకున్నను దోషము మాత్రము చేయదు" అని కొందఱు. "అదంతయు నాటువైద్యము, దానిని మఱచుటయే మేలు" అని ఇంగ్లీషు చదువులు చదివిన మన పిల్లలు కొందఱు. రెండవవారిని మేము మన్నింపగలము. వారు చూడనిదానిని కాదనుచున్నారు. మొదటివారే పూర్వులకెక్కువ యపచారము చేయుచున్నారని మా యభిప్రాయము. ఏలయన మూలిక నిరపాయమని మన పూర్వులెన్నడును తలంపలేదు.

మా పితామహులు అడపము నొక భుజమునను మందులసంచిని వేఱొక భుజమునను వేసికొని యైదారూళ్లు తిరిగినవారు. మా బాల్యమున ఇంటియందు మూలికలన్నియు వసారాలో దూలములకు వ్రేలాడుచుండెడివి. ముష్టిగింజలు, నేపాళపు విత్తులు, వసనాభి దుంపలు మాత్రము తాళమువేసిన కొయ్యపెట్టెలో నుండెడివి. ఆ పెట్టెపై మేము చేయివేసినందుల కొకనాడు దెబ్బలు తింటిమి. క్రొత్తగా మాత్రలు కట్టిననాడు తాతగారు ముందు తామొకటి మ్రింగి, జామునకు తక్కువ గాకుండ అరుగుమీద కూర్చుండెడివారు. నాలుక తిమ్మిరి యెక్కినదా, దవడ బిగిసినదా, కడుపులో మంట పుట్టినదా యని తమ్ముతాము చూచికొనెడివారు. "రోగినోట పరీక్షింపరాదురా, మన నోటనే పరీక్షింపవలెను" అని యొకసారి మాతో ననిరి. ఆ మాట శాస్త్రసమ్మతమని చాల యేండ్లకు గాని మాకు తెలియలేదు.

శాస్త్రములలో నేమున్నదో చూతము. తీక్ష్ణమైన విషమును గూడ యుక్తిచే నుపయోగించిన నుత్తమౌషధ మగుననియు, ఔషధమును దుర్యుక్తిచే నిచ్చిన విషమే యగుననియు చరకసంహిత సూత్రస్థానమున మొదటి యధ్యాయముననే యున్నది. అనగా విషము వేఱు జాతి, మందు వేఱు జాతి గాదు. మోతాదు, సంస్కారము, కాలము, రోగి బలము వీనినిబట్టి యొకటి రెండవ దగుచున్నది. సుశ్రుతసంహితయందు కల్పస్థానమంతయు విషములనుగూర్చియే యున్నది. స్థావరవిషములకు పది యధిష్ఠానములు చెప్పబడినవి. వేరు, ఆకు, కాయ, పూవు, బెరడు, పాలు, చేవ, బంక, దుంప యను తొమ్మిదియు మొక్కకు సంబంధించినవే, పదియవది ధాతువు. మొక్కలో విషముండుటకు వీలులేని భాగమొకటియైనను మిగులలేదు.

సంస్కృతము చెప్పి బ్రదికినవారము గావున నిచట పేరులనుగూర్చి యొక మాట చెప్పక మానజాలము. గన్నేరునకు అశ్వమారక మని పేరు. గుఱ్ఱమును చంపునది యని యర్థము. ఎక్కడనో కట్టివేసిన గుఱ్ఱ మాకులు మేసి పడియుండును. చూచినవాడు పేరు పెట్టియుండును. నల్లజీడికి అరుష్కర మని పేరు. పుండుచేయునది యని యర్థము. చాకలివారు బట్టలకు గుఱుతులు పెట్టు ఆ జీడిరసము చర్మమున కంటిన నేమగునో చూచినవారే యా పేరు పెట్టగలరు. మన యుమ్మెత్త సంస్కృతపు ఉన్మత్తమే, తిన్నవానికి పిచ్చియెత్తించునది. నిఘంటువులలో నోషధివర్గములను వల్లెవేయించునపుడు మేము బాలురకీ సంగతి చెప్పెడివారము. ప్రయోగశాలలు లేనినాటి పరీక్షాఫలములు పేరులలో దాగియున్నవి. గుఱ్ఱము చచ్చినది, చేయి పొక్కినది, మతి తప్పినది, పేరు నిలిచినది.

బుద్ధిపూర్వకముగ చేయు పరీక్షలును గలవు. కౌటిలీయార్థశాస్త్రము 1909లో మైసూరున శ్యామశాస్త్రిగారు ముద్రింపించిన పిదప లోకమునకు మరల తెలియవచ్చినది. అందు మొదటి యధికరణమున రాజు నాత్మరక్షణమునుగూర్చిన ప్రకరణమున్నది. రాజభోజనమును ముందగ్నికిని పక్షులకును వేసి చూడవలెను. వైద్యుడు మందుల కొట్టునుండి ముందే రుచిచూచి శుద్ధమని తేల్చిన మందును తీసికొని, వండినవానిచేతను నూఱినవానిచేతను రుచిచూపించి, తానును రుచిచూచి, ఆ పిదపనే రాజున కీయవలెను. మా తాతగారి యరుగుమీది పరీక్ష యిదియే గదా! అర్థశాస్త్రమను పేరైనను వారు వినియెఱుగరు.

సుశ్రుతుడు పక్షిమృగముల లక్షణములను గూడ చెప్పెను. విషాన్నము తగిలిన ఈగలు చచ్చును. కాకులును చచ్చును. చకోరము కన్నుల రంగు మాఱును. కోకిల స్వరము చెడును. నిప్పులో వేసిన చిటపటలాడి మంట నెమలికంఠపు వన్నె నొందును. వీనిలో నీగ, కాకి, అగ్ని యివి కన్నులార చూచి వ్రాసినవని మాకు తోచుచున్నది. చకోరపు కన్నులు కవులవలన వచ్చెనో వైద్యులవలన వచ్చెనో చెప్పుట కష్టము. అయినను మనుష్యునికి ముందు ప్రాణి, అధిక ప్రయోజనమునకు ముందు స్వల్పప్రయోగము అను క్రమమచట స్పష్టముగ నున్నది.

పరీక్షకు తోడు శోధనము గలదు. రసశాస్త్రగ్రంథములు జిల్లేడు, జెముడు, అడవినాభి, గన్నేరు, గురివింద, నల్లమందు, ఉమ్మెత్త మొదలగువానిని ఉపవిషములని యెన్నును; లెక్కలు గ్రంథగ్రంథమునకు కొంచెము మాఱును. వీనిని శుద్ధి చేయక మందులో వాడరాదు. వసనాభిని ముక్కలుచేసి గోమూత్రమున నానవేసి మూడుదినము లెండలో నుంచుటయో, పాలలో నుడికించుటయో విధి. గురివిందలను కాంజికమునగాని పాలలోగాని యుడుకబెట్టవలెను. నేపాళపు పప్పు నడుమనుండు మొలకను, దానినే నాలుక యందురు, తీసివైచి మూటగట్టి పాలకుండలో వ్రేలాడదీసి వండవలెను. ముష్టిగింజలను నానవైచి పొట్టుదీసి పాలలో నుడికించి నేత వేయించుటయు గలదు.

ఇది మూఢాచారమా? రసాయనశాస్త్రము కాదనుచున్నది. వసనాభిలోని ఎకోనైటిన్ అను క్షారము కొన్ని మిల్లీగ్రాములతోనే హృదయమును తప్పుదారి పట్టించి చంపగలది. దానిని నీటితో చాలసేపు కాచిన నందలి యొక భాగమూడిపోయి బెంజాయిల్ ఎకోనైన్ అగును. ఇంకను కాచిన ఎకోనైన్ అగును. ఇవి మొదటిదానికంటె నెన్నోరెట్లు తక్కువ విషము గలవి. గురివిందలోని విషము ఎబ్రిన్ అను మాంసకృత్తు. గ్రుడ్డులోని తెల్లసొన యుడికిన గట్టిపడి మాఱునట్లే యిదియు నుడుకుటచే చెడును. పచ్చిగింజను నమలినవాడు చచ్చుటయు, వైద్యుని చేతిలో నుడికిన గింజ మందగుటయు నిందువలననే. కాని శోధనమెంతసేపు జరిగినది, ఎంత విషము మిగిలినది యను లెక్క మన గ్రంథములలో లేదు. నాలుక తిమ్మిరియే కొలబద్ద. ఒకడు తొందరపడి మూడుదినముల పనిని మూడుజాములలో ముగించిన, ఆ కట్ట మాత్రలకు రోగియే పరీక్షకు డగును.

పాశ్చాత్యదేశములలో నీ లెక్క మొదలిడిన కాలము మఱీ పూర్వముది గాదు. వియన్నా నగరమున ఆంటన్ ష్టోర్క్ అను వైద్యుడు 1760లో హెమ్లాకు అను విషపు మొక్కనుగూర్చి గ్రంథము ప్రకటించెను. గ్రీకుదేశపు సోక్రటీసు త్రాగి మరణించిన విషమది. అతడు దాని రసపాకమును ముందొక చిన్నకుక్కకిచ్చి, కీడు గానక, తాను స్వల్పమాత్రలో దినదినము తీసికొని, ఆ పిదప రోగులకిచ్చెను. ప్రాణి, తాను, రోగి యను మూడు మెట్లనట్లు వరుసగ నెక్కెను. ఇంగ్లండులో విలియం విదరింగు 1775లో నొక ముదుసలి రహస్యముగ దాచుకొన్న కషాయమును పరీక్షించెను. నీరుపట్టినవారికా కషాయము గుణమిచ్చుచుండెను. ఇరువదికి పైబడిన మూలికలలో పనిచేయునది డిజిటాలిస్ ఒక్కటియే యని గ్రహించి పదియేండ్లు రోగులపై గమనించి 1785లో పుస్తకము వ్రాసెను. మాకాయన యెడల గౌరవము కలిగించునది మందు కనుగొనుట గాదు. గుణపడినవారిని, గుణపడనివారిని, తన మందుచే బాధపడినవారిని గూడ దాచక వ్రాయుట. వాంతి, చూపు పచ్చబాఱుట, నాడి మందగించుట కనబడిన వెంటనే మందాపవలెనని చెప్పెను. మన యిండ్లలోని వ్రాతపుస్తకములలో "అనుభూతయోగము", "నూటికి నూఱు గుణము" అని యుండునేగాని, "ఫలానివానికిచ్చి చెఱచితిమి" అని వ్రాసినది మేమొక్కదానినైన చూచియుండలేదు.

అందఱు నింత జాగరూకులు గారు. నల్లమందులోని సారమును మొట్టమొదట వేఱుచేసిన జర్మనీదేశపు జెర్టుర్నర్ అను మందులవాడు ముందు కుక్కలకిచ్చెను. పిదప తానును మువ్వురు యువకులును మాటిమాటికి తిని స్పృహదప్పు స్థితికి వచ్చిరి. ఆ సంగతిని 1817లో తానే ప్రకటించెను. మన ముష్టిగింజ చరిత్రయు నాకాలముదే. ఫ్రాన్సున మజాండీ అను శరీరశాస్త్రజ్ఞుడు 1809లో దెలీల్ అను మిత్రునితో గూడి జావాద్వీపపు బాణవిషమును, దాని జాతిదేయగు ముష్టిని కుక్కలపై ప్రయోగించి, విషము రక్తముద్వారా వెన్నుపామును చేరి ఈడ్పులు పుట్టించునని నిరూపించెను. 1818లో పెల్లెత్యే, కవంతూ అనువారు ఆ జాతి గింజలలోని స్ట్రిక్నిన్ అను విషసారమును వేఱుచేసిరి. అప్పటినుండి గింజ పోయి తూకము వచ్చినది. గింజలో విషము చేనుచేనుకు మాఱవచ్చును. తూచిన సారము మాఱదు.

మన దేశమున నీ పద్ధతిని పాటించినవారిలో కలకత్తా వైద్యకళాశాల యాచార్యుడగు ఓషానెస్సీ యొకడు. 1839లో గంజాయినిగూర్చి యాయన వ్రాసిన వ్యాసము చదువదగినది. ముందు పండితులను, హకీములను విచారించి గ్రంథస్థమగు సంగతి కూర్చెను. పిదప చేపలకు, కుక్కలకు, మేకలకు, పక్షులకు నిచ్చి చూచెను. ఆ మీదటనే రోగులకిచ్చెను. మాంసాహారులగు ప్రాణులకు మత్తు కలుగుటయు, గడ్డి తిను ప్రాణులకు కలుగకుండుటయు నాయన గమనించెను. ఒక ప్రాణికి నిరపాయమైనది మఱియొక ప్రాణికి నట్లే యుండవలెనను నియమము లేదనుట కిదియే సాక్ష్యము. జిల్లేడాకును మేక తినుట మన పల్లెలలో నెవరు చూడరు?

తరువాతి ఘట్టము 1927లో వచ్చెను. అంతవఱకు "ఇంత మోతాదు చంపును" అని యొకటి రెండు జంతువులనుబట్టి చెప్పుచుండిరి. ట్రెవన్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు దానిలో దోషము చూపెను. ఒకే జాతి యెలుకలలో నొకటి స్వల్పముతో చచ్చును, వేఱొకటి మూడింతలకు చావదు. కావున పెక్కు ప్రాణులకు పెక్కు మోతాదులిచ్చి, వానిలో సగము చచ్చు మోతాదును లెక్కకట్టవలెనని చెప్పెను. అర్ధమారకమాత్ర యని దానిని మనము పిలువవచ్చును. గుణమిచ్చు మోతాదునకును ఈ మోతాదునకును నడుమ దూరమెంత యెక్కువయో మందంత నిరపాయము. ముష్టికి, వసనాభికి ఆ దూరము మిక్కిలి కొంచెము. కరక్కాయకు చాల యెక్కువ. ఈ పరీక్షకు లెక్కలేనన్ని మూగజీవములు బలియైనవి. 1959లో రస్సెల్, బర్చ్ అనువారు జంతువులకు బదులు వెదకుము, సంఖ్య తగ్గింపుము, బాధ తగ్గింపుము అను మూడు సూత్రములు చెప్పిరి. 2002లో ఆ పాతపరీక్ష యంతర్జాతీయ నియమావళినుండి తొలగింపబడి, మెట్టునకు మూడేసి జంతువులతో ముగియు పద్ధతులు దానిస్థానమున నిలిచినవి. అవిగాక ఇరువదియెనిమిది దినములు, తొంబది దినములు ప్రతిదినము మందిచ్చి కాలేయమును మూత్రపిండములను కోసిచూచు పరీక్షలు వేఱుగ గలవు.

చెన్నపురి రాజధానిలో మన తెలుగుజిల్లాలుండిన కాలపు ముచ్చట యొకటి యిచట చెప్పవలెను. ప్రభుత్వమువారు దేశీయౌషధములను పరిశోధింపుడని డాక్టరు కోమన్‌ను నియమించిరి. ఆయన నివేదిక మన వైద్యమునెడ కఠినముగా నుండుటచే వైద్యులు కోపించి ప్రత్యుత్తరములు ప్రకటించిరి. పిమ్మట 1921లో ఉస్మాన్ గారి యధ్యక్షతను వేఱొక సంఘమేర్పడి 1923లో నివేదిక నొసగెను. కెప్టెన్ శ్రీనివాసమూర్తిగారు దానికి కార్యదర్శి. వైద్యులిచ్చిన యుత్తరములు సంస్కృతము, తెనుగు, అరవము మొదలగు భాషలలో నాయా భాషలనే యచ్చుపడినవి. వైద్యులయం దాగ్రహము న్యాయమే. కాని మూలిక పనిచేయునా యను ప్రశ్నకు జరిగినంత చర్చ, మూలిక చెఱుచునా యను ప్రశ్నకు జరుగలేదని మాకు తోచుచున్నది. ఆత్మగౌరవము కొఱకు పోరాడువారికి తమ లోపములు లెక్కించుకొనుట కష్టము.

ఆ పని కలకత్తాలో కల్నల్ చోప్రాగారి పరిశోధనాలయమున కొంత జరిగెను. వారు 1930–31లో ఔషధవిచారణసంఘమునకధ్యక్షులై, 1933లో దేశీయౌషధములపై మహాగ్రంథము ప్రకటించిరి. సర్పగంధ చరిత్రయు నప్పటిదే. 1931లో దాని క్షారములను సిద్దిఖీ యను పేరుగల శాస్త్రజ్ఞులు వేఱుచేసిరి. ఆ సంవత్సరమే సేన్, బోస్ అను వైద్యులు ఉన్మాదమునందును రక్తపుపోటునందును దాని గుణమును ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు వకీల్‌గారు ఏబదిమంది రోగుల విషయమును ఇంగ్లండు పత్రికలో ప్రకటింపగా ప్రపంచము మేల్కొన్నది. 1952లో దాని ముఖ్యసారము రిసర్పిన్ వేఱుపడినది. లోకమంతట వాడిన కొలదియేండ్లకే కొందఱు రోగులు కారణములేని విషాదమున మునుగుచున్నారని తెలిసి మోతాదు తగ్గింపవలసివచ్చెను. నూర్లకొలది యేండ్లు మనము వాడిన వేరే యది. మనకా దోషమేల కనబడలేదు? వాడుకలో లేకపోవుటచే గాదు, లెక్క లేకపోవుటచే.

ఇక మేమీ వ్యాసమును వ్రాయుటకు ముఖ్యకారణమగు మొక్కయొద్దకు వచ్చితిమి. అది యీశ్వరి. పేరెఱుగని పల్లెవైద్యుడు లేడు. కంచెలపై ప్రాకు నీ తీగ వేరు పాముకాటున కని మన పొదులలో నుండెడిది. మా పితామహి మంత్రసాని. కాన్పు పిదప మైల దిగుట కామె దీనినే నూఱి యిచ్చెడిది. ఈ జాతికి గ్రీకులు పెట్టిన పేరునకు "కాన్పునకు మేలైనది" యనియే యర్థము. రెండువేల యేండ్లకు పైగా రెండు ఖండముల మంత్రసానులు నమ్మిన మొక్క యిది.

1990 ప్రాంతమున బెల్జియము రాజధాని బ్రస్సెల్సులో నొక చికిత్సాలయమున బక్కపలుచనగుటకై చీనాదేశపు మూలికల పొడి స్త్రీలకిచ్చిరి. కొన్ని నెలలలో మూత్రపిండములు చెడి వచ్చువారెక్కువైరి. 1993లో వైద్యులీ సంగతిని ప్రకటించిరి. నూఱుమందికి పైగా స్త్రీలు నష్టపడిరి. విచారింప తేలినదేమి? చీనాభాషలో ఫాంగ్ జీ యను పేరు రెండు మొక్కలకున్నది. ఒకదానికి బదులు ఈశ్వరిజాతిదగు రెండవది పడినది. మన రాస్న యను మాట తలచుకొనుడు. ఉత్తరదేశమున నొక మొక్క, మనకు దుంపరాష్ట్రము. బ్రాహ్మి యన్నను ఒకరికి సంబరేణు, ఒకరికి సరస్వతియాకు. ఆ స్త్రీలలో కొందఱకు మూత్రమార్గమున పుట్టకుఱుపు పుట్టెనని 2000లో ప్రకటితమైనది. మందు మానిన యేండ్లకు పుట్టిన వ్యాధి యది.

దీనితో నింకొక చిక్కుముడి విడినది. డాన్యూబునది యుపనదులతీరమున, బల్గేరియా, సెర్బియా, క్రొయేషియా మొదలగు ప్రాంతములలో, కొన్ని పల్లెలవారికే వచ్చు మూత్రపిండవ్యాధి 1950ల నుండి వైద్యులను వేధించుచుండెను. గోధుమచేలలో కలుపుగా మొలచు ఈశ్వరిజాతి మొక్క గింజలు పిండిలో కలియుటయే కారణమని 2007లో రూఢియైనది. ఆ మొక్కలోని యామ్లము శరీరకణములలోని జీవసూత్రమునకే యంటుకొని, విడువక, సంవత్సరముల పిదప దాని రాతను మార్చును. ప్రపంచారోగ్యసంస్థకు చెందిన కాన్సరు పరిశోధనశాఖవారు ఈ జాతి మూలికలను 2002లో మనుష్యులకు నిశ్చయముగా కాన్సరు కలిగించువానిలో చేర్చిరి.

ఇచట మా తాతగారి యరుగుమీది పరీక్ష యేమి చేయగలదు? ఒక జాము గాదు, ఒక మాసము కూర్చున్నను ఈశ్వరివేరు నాలుకపై చేదు తప్ప వేఱేమియు చూపదు. కాకి చావదు. ఈగ చావదు. అర్ధమారకమాత్ర లెక్కకట్టినను విషము బయటపడదు. అనుభవముచే తెలిసికొందమన్న, మందిచ్చిన వైద్యుడొక యూర, ఇరువదియేండ్లకు మూత్రపిండములు పోయిన రోగి వేఱొక యూర. రెంటికి సంబంధమెవడు చూడగలడు? "వేలయేండ్లుగా వాడుచున్నాము, కావున నిరపాయము" అను వాదమునకు మాకు తెలిసిన మంచి సమాధానమిదియే. వెంటనే కాటువేయు విషమును వేలయేండ్ల యనుభవము పట్టగలదు. ఆలసించి కాటువేయుదానిని పట్టలేదు.

సుశ్రుతునియందు దూషీవిషమను మాట గలదు. బలము తగ్గి, వెంటనే చంపక, శరీరమున నేండ్లకొలది దాగి, క్రమముగా ధాతువులను చెఱచు విషమట. చదువరులు కొందఱు "చూచితిరా, మనవారికన్నియు తెలిసియే యున్నవి" అనవచ్చును. మేమట్లనము. భావము వారికి తెలిసినది. ఈశ్వరి యట్టిదని తెలియలేదు. తెలిసియున్న మా పితామహి చేతికది వచ్చియుండదు. చిత్రమేమనగా, ఎఱ్ఱని యొడలు నల్లని ఱెక్కలు గల సీతాకోకచిలుక యొకటి యీ తీగమీదనే గ్రుడ్లుపెట్టును. దాని పురుగులు ఆకుతిని విషమును తమ యొంటిలో దాచుకొనును. రుచి యెఱిగిన పక్షులు దానిని ముట్టవు.

మనకు సమీపమైన సంగతులును గలవు. కరోనావ్యాధి వ్యాపించిన 2020లో జనులు తిప్పతీగను ప్రతిదినము కాచి త్రాగిరి. ఆ సంవత్సరాంతమున కాలేయము చెడిన రోగుల నార్గురను ముంబయి వైద్యులు గమనించి 2021లో ప్రకటించిరి. తీగ వేఱొకటియై యుండవచ్చునని కేంద్ర ఆయుష్ శాఖవారాక్షేపించిరి. 2022లో పలు నగరముల వైద్యులు కూడి 43 మంది రోగుల వృత్తాంతము ప్రకటించిరి. త్రాగిన కోట్లమందిలో వీరు కొందఱే. అయినను ఏ శరీరతత్త్వమువారికది పడదో తెలిసికొనవలసిన పని మిగిలియే యున్నది. 2021 మేలో నెల్లూరుజిల్లా కృష్ణపట్నమున నొక నాటుమందుకొఱకు వేలజనము మూగినపుడు, నోటితో తీసికొను మందులవలన హాని కనబడలేదని ప్రభుత్వమువారనుమతించి, కంటిలో వేయు చుక్కలకు మాత్ర మప్పుడనుమతింపకుండిరి. జనులు కోపించిరి. మేము మాత్రమా జాగ్రత్తను మెచ్చుకొంటిమి. కన్ను నాలుకవంటిది గాదు.

చట్టమును గూర్చి చాల వ్రాయ నక్కఱలేదు. 1940నాటి ఔషధచట్టమును 1964లో సవరించి ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందులను దానిలో చేర్చిరి. విషద్రవ్యముల పట్టిక యొకటి నియమములలో గలదు. అందలి ద్రవ్యము చేరిన మందుపై వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనని హెచ్చరిక వ్రాయవలెను. సంతలో కాగితమున చుట్టియిచ్చు పొడిపై నెవరు వ్రాయుదురు?

ఇది మాకు మాటవరుసకు వచ్చినది గాదు. మా బంధువర్గములోని యొక పెద్దమనిషి మోకాళ్లనొప్పులకు సంతలో కొన్న పొడిని ఏడాదికి పైగా సేవించిరి. అమ్మినవారు మనవారే, పేరుతో పనిలేదు. పిమ్మట మూత్రపిండములు చెడి, వారమునకు రెండుమార్లు రక్తము శుద్ధిచేయించుకొనవలసివచ్చెను. ఆసుపత్రి వైద్యుడు "ఆ పొడిలో నేమేమి యున్నవి?" అని యడిగెను. మేమా యమ్మినవారియొద్దకు పోయి యడిగితిమి. "గురూపదిష్టము, చెప్పరాదు" అనిరి. పొడివలననే చెడినవో, మధుమేహమువలన చెడినవో నేటికిని మాకు తెలియదు. తెలిసికొనుటకుండిన యొక్క దారియు నా మాటతో మూసికొనిపోయినది.

ఈ సభకు వచ్చు కుటుంబములలో పెక్కింట తాతల వ్రాతపుస్తకములున్నవి. ఔషధయోగములను రహస్యముగ నుంచుకొనదలచినవారుంచుకొనవచ్చును. కాని మూలికల పేరులను, ఆయూరి వ్యవహారనామములతోను ఎండిన కొమ్మతోను సహా, తెచ్చి చూపినచో వృక్షశాస్త్రము చదివిన మన యువకులు వానిని గుర్తించి శాస్త్రీయనామములు వ్రాసియిత్తురు. ఏ మొక్కయో తెలియనిదే యే పరీక్షయు చేయుటకు వీలులేదు. మా యింటి పుస్తకముతో మేమా పని మొదలుపెట్టితిమి. నూటపదునాలుగు మూలికలలో తొంబదియొకటి గుర్తుపట్టబడినవి. ఈశ్వరి యున్న పుటలో తాతగారి చేవ్రాత "సర్వవిషహరము" అని యున్నది. ఆ మాటను మేము కొట్టివేయలేదు. ప్రక్కన మార్జినులో ఎఱ్ఱసిరాతో "లోపలికీయరాదు, మూత్రపిండములు చెడును" అని వ్రాసి, సంవత్సరమును మా పొడియక్షరములును వేసితిమి.